నగరంలో కూర్చునే చోటు

మన పత్రికల్లో ఈ మధ్య ఒక తరహా వ్యాసం తరచు కనిపిస్తున్నది. ఏదో ఒక నగరంలో ఏదో ఒక పాత హోటలు మూతపడుతుంది. వెంటనే ఎవరో ఒకరు కలం పట్టుకుని, ఆ హోటల్లో తాము తాగిన టీనీ, తిన్న సమోసానూ, చేసిన చర్చలనూ తలుచుకుని ఒక స్మృతివ్యాసం రాస్తారు. నగరం మారిపోయిందనీ, పాత రుచులు పోయాయనీ, మనుషులకు తీరిక లేకుండా పోయిందనీ వాపోతారు. ఇలాంటి వ్యాసాలను నేను ఇష్టంగానే చదువుతాను. వాటిలో కొన్ని నిజంగా బాగుంటాయి. కాని చదవటం ముగించాక నాలో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ హోటలు ఆయనకు ఇష్టమైన చోటు కావటానికి ముందు జరిగి తీరవలసినవి కొన్ని ఉన్నాయి గదా, వాటి మాట ఎవరూ ఎత్తరేం?

ఒక చోటు మనిషికి ఇష్టమైనది కావాలంటే అక్కడికి ఒకసారి పోతే చాలదు. మళ్ళీ మళ్ళీ పోగలగాలి. పోవటానికి బండి కావాలి. పోయినచోట కూర్చోనివ్వాలి. కూర్చున్నందుకు అడిగే ధర చేతికి అందేదిగా ఉండాలి. ఇవి మూడు. నాలుగోది మరొకటి ఉన్నది. దాన్ని గురించి మన సాహిత్యం నోరు మెదపదు. దాని సంగతి ముందుముందు చెబుతాను. ఇష్టమనేది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమని మనం అనుకుంటూ ఉంటాం. అభిరుచి గడప దాటి లోపలికి పోయిన తరువాత మొదలవుతుంది. గడప దగ్గర పని చేసేవి వేరే ఉన్నాయి.

తెలుగులో నగరసంచారానికి చాలా పాత సాక్ష్యం క్రీడాభిరామం. అది శ్రీనాథుడిదా, వినుకొండ వల్లభరాయుడిదా అన్న వాదం పండితుల మధ్య ఎంత నడిచినా మన పనికి అడ్డం రాదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల వెంట తిరుగుతారు. కనిపించినదాన్నల్లా వ్యాఖ్యానిస్తారు. పూటకూటింటి భోజనం ప్రసక్తి కూడా అందులో ఉన్నది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంతా కలిపి ఒక్క రూక. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలకన్న ఇలాంటి వివరాలకే ఎక్కువ విలువ ఇచ్చారు. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథానికే దక్కింది. ఒక జాతి ఏమి తిన్నదో, ఏ ధరకు తిన్నదో, ఎక్కడ కూర్చుని తిన్నదో తెలియకుండా ఆ జాతి చరిత్ర తెలియదని మనకు నేర్పినవారిలో ఆయన ముఖ్యుడు.

ఎక్కడ కూర్చుని తిన్నదో అన్నాక, ఎవరు కూర్చుని తిన్నారో అని కూడా అడగాలి. ఓరుగల్లు వీధుల్లో తిరిగినవాళ్ళిద్దరూ మగవాళ్ళు. ఆ వీధుల్లో ఆడవాళ్ళకు కొదవ లేదు. రకరకాల స్త్రీల వర్ణనలతో ఆ రూపకం నిండి ఉన్నది. అయితే వాళ్ళు ఆ నగరాన్ని చూడటానికి వచ్చినవాళ్ళు కారు. కోట, గుడి, అంగడి ఎలాగో వాళ్ళూ అలాగే, చూడదగిన వస్తువులు.

నాలుగు శతాబ్దాలు దాటి రండి. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి కాశీకి పోయి 1831లో తిరిగివచ్చారు. దారిలో హైదరాబాదులోనూ దిగారు. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ దిగటానికి వసతిగా ఉంటుందో శ్రద్ధగా రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ మనకు గొప్ప సంపద. కాని ఆయన పల్లకి మోసిన బోయీలు కూడా అదే దారి నడిచారు. అవే ఊళ్ళు చూశారు. భుజాన బరువుతో చూశారు గనుక బహుశా ఇంకా నిదానంగా చూసి ఉంటారు. వాళ్ళు రాసిన కాశీయాత్ర మనకు లేదు.

ఇక కన్యాశుల్కానికి వస్తే, అందులో పూటకూళ్ళమ్మ ఉన్నది. ఆ నాటకంలో ఆమెకు వృత్తే పేరు. గిరీశం ఆమె అన్నం తిన్నాడు. ఆమె డబ్బు తిన్నాడు. మన పాఠకులకు గిరీశం ఉపన్యాసాలు కంఠస్థమే గాని, ఆమె సొంత పేరేమిటని అడిగినవాళ్ళు అరుదు. తరగతిలో ఈ నాటకం పాఠం చెబుతూ నేను ఒకసారి ఈ ప్రశ్న వేస్తే, వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, “వండేవాళ్ళకు పేరెందుకు మేడమ్‌, కేక వేస్తే వస్తారు గదా” అన్నది. తరగతి అంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఒకరు తిరుగుతారు. ఒకరు మోస్తారు. ఒకరు వండుతారు. కలం మాత్రం తిరిగేవాడి చేతిలో ఉంటుంది. మన నగరస్మృతుల సాహిత్యానికి పునాది ఇక్కడ పడింది.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన నగరం సంగతి చెబుతాను. నేను నల్లగొండ జిల్లాలో పుట్టాను. తెలుగు ఎం.ఏ. చదవటానికి హైదరాబాదు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్‌ కాలేజీ మెట్లు ఎక్కాను. 1939లో ప్రారంభించిన ఆ భవనం ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు కలిగిన బెదురు ఇప్పటికీ జ్ఞాపకం. తరువాత జిల్లాలోనే లెక్చరరు ఉద్యోగం వచ్చింది. అయినా నెలకు ఒకసారో రెండుసార్లో హైదరాబాదు పోతూనే ఉంటాను. పోయిన ప్రతిసారీ నా దారి దాదాపు ఒకటే. మహాత్మాగాంధీ బస్‌ స్టేషనులో దిగుతాను. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి పోతాను. అక్కడ నుంచి ఉస్మానియా ఆసుపత్రి పక్కగా వస్తాను. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరదలో నూటయాభై మంది ప్రాణాలు కాపాడిందని చెప్పుకునే చింతచెట్టు ఆ ప్రాంగణంలోనే ఉన్నది. తరువాత కోఠీ. అక్కడ పాత పుస్తకాల దుకాణాలు చూసుకుని సుల్తాన్‌బజార్‌లోకి పోతే, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. నిజాం కాలంలో తెలుగు చదువుకోవటమే ఒక పోరాటమైన రోజుల్లో పుట్టిన గ్రంథాలయం అది. ఈ దారిలో టీ తాగటానికి ఎన్నో ఇరానీ హోటళ్ళు.

ఇరానీ హోటలును హైదరాబాదు వాళ్ళు తమ సొంత వస్తువుగా భావిస్తారు. అది వలసవచ్చిన వస్తువు. ఇరానులోని యజ్ద్‌ ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం బొంబాయికి, అక్కడ నుంచి పూనాకు, హైదరాబాదుకు వచ్చినవాళ్ళు పెట్టిన హోటళ్ళు అవి. వాళ్ళ టీ కూడా ఇక్కడిది కాదు. భారతదేశంలో తేయాకు పండించినవాళ్ళు చాలాకాలం దాన్ని ఇంగ్లండుకు పంపటానికే పండించారు. 1903లో తేయాకు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం సాగించారు. మన సామాన్య జనానికి టీ అలవాటు కావటంలో ఆ ప్రచారానికి చాలా భాగం ఉన్నది. ఆ విధంగా మనం ‘మన సంస్కృతి’ అనుకునే ఇరానీ చాయ్‌లో వలసకూలీ ఉన్నాడు, తోట యజమాని లాభం ఉన్నది, అస్సాం తోటల్లో ఆకు తెంపిన ఆడమనిషి చెయ్యి ఉన్నది. అయినా ఆ టీ రుచి తగ్గదు. ఆ రుచి ఎక్కడనుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఆ టీ చేసే పద్ధతిలో ఒక విశేషం ఉన్నది. డికాక్షను ఒక పెద్ద పాత్రలో మూతపెట్టి సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచుతారు. పాలు మరో పాత్రలో చిక్కబడేదాకా కాగుతుంటాయి. అడిగినప్పుడు కప్పులో రెండూ కలుపుతారు. డికాక్షను తక్కువ, పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అంటారు. డబ్బు తక్కువైతే ‘వన్‌ బై టూ’ అంటారు. ఒక టీని రెండు చేసి ఇవ్వమని అడగటం ఇక్కడ నామోషీ కాదు. దానికి ఒక పేరు, ఒక మర్యాద ఏర్పడ్డాయి. నగరం పేదవాడికి ఇచ్చిన గౌరవాల్లో ఇది ఒకటి అని నా అభిప్రాయం.

అంతకన్న పెద్ద గౌరవం ఆ బల్ల. ఇరానీ హోటల్లో రాతిపలక పరిచిన బల్ల దగ్గర రిక్షా తొక్కే మనిషి, గుమాస్తా, విద్యార్థి, కవి ఎవరు ఖాళీ చూసుకుని అక్కడ కూర్చున్నారు. నీ కులమేమిటని ఎవరూ అడగలేదు. ఈనాటి యువకులకు ఇందులో పెద్ద విషయమేమీ కనిపించకపోవచ్చు. కాని మన దేశంలో భోజనహోటలు కులం పేరుతో బోర్డు కట్టుకున్న రోజులు అంత పాతవి కావు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, వినోదశాలలు, బావులు, చెరువులు, రోడ్లు అని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పవలసి వచ్చింది. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టినచోటు, ఈ కారణాలతో ఎవరినీ అక్కడికి రానివ్వకుండా చేయకూడదన్నది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం ఇంకా లోతుకు పోయి, హోటళ్ళలో అందరికోసం ఉంచిన పాత్రల సంగతి కూడా చెప్పింది. 1976లో దానికే పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మారింది. ఒక దేశపు పార్లమెంటు కూర్చుని గ్లాసుల గురించి చట్టం చెయ్యవలసి వచ్చిందంటే, ఆ గ్లాసుల వెనక ఎంత చరిత్ర ఉన్నదో ఊహించుకోవచ్చు.

నేను ఊహించుకోనవసరం లేదు. మా తాత మా ఊరి హోటల్లో టీ తాగిన గ్లాసు చూరులో దోపి ఉండేది. ఆయన పోతే, ఆయనే ఆ గ్లాసు తీసుకుని, బయట నిలబడి పోయించుకుని, తాగి, కడిగి మళ్ళీ చూరులో దోపేవాడు. ఇది మా అమ్మ తన చిన్నతనంలో కళ్ళారా చూసింది. చట్టం వచ్చి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళు.

కనుక ఇరానీ హోటలు మూతపడితే బాధపడేవారిని చూసి నేను వెక్కిరించలేను. ఆబిడ్స్‌లోని ఓరియంట్‌ హోటలు ఒకప్పుడు కవులకు, పత్రికా రచయితలకు, కార్మిక నాయకులకు కూడలి. మఖ్దూం మొహియుద్దీన్‌ అక్కడ కూర్చునేవాడు. ఆయన 1969లో పోయాడు. ఆ హోటలూ ఇప్పుడు లేదు. ఉర్దూలోనూ తెలుగులోనూ అభ్యుదయ సాహిత్యం నగరంలో పెరిగిందంటే, అలాంటి బల్లల దగ్గర గంటలకొద్దీ కూర్చోనిచ్చిన యజమానులకు కూడా కొంత రుణపడి ఉన్నాం. అయితే ఆ బల్లల చుట్టూ కూర్చున్నవారి పేర్లు ఎవరు చెప్పినా ఆ జాబితాలో ఆడపేరు వినపడటం అపురూపం. రాజ్యాంగం కులాన్నీ, స్త్రీ పురుష భేదాన్నీ ఒకే వాక్యంలో చెప్పింది. ఆ వాక్యంలో మొదటి సగం ఇరానీ హోటల్లోకి ముందే పోయింది. రెండో సగం చాలాకాలం గుమ్మం బయటే నిలబడింది.

ఎం.ఏ. చదివే రోజుల్లో మేము నలుగురు ఆడపిల్లలం ఒక ఇరానీ హోటలుకు పోయాము. ఏ హోటలో చెప్పనవసరం లేదు, ఎక్కడైనా అప్పుడు అంతే. ముందు హాల్లో బల్ల ఖాళీగా ఉన్నది. కూర్చోబోయాము. సర్వరు ఎంతో మర్యాదగా వచ్చి, “ఫ్యామిలీ రూము అటు ఉంది, అక్కా” అని వెనకవైపు చూపించాడు. చెక్కలు అడ్డం పెట్టి కట్టిన ఒక అర. కిటికీ లేదు. ఫ్యాను తిరుగుతుంటే చప్పుడు తప్ప గాలి రాదు. మాలో ఎవరికీ అక్కడ ఫ్యామిలీ లేదు. అయినా ఆ అరలోనే కూర్చుని పౌనా తాగి, ఉస్మానియా బిస్కట్లు తిని వచ్చాము. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నిజానికి అక్కడ మాకు జరిగినదంతా మర్యాదే. మనిషిని పక్కకు నెట్టటానికి మర్యాద కూడా ఒక సాధనమని నాకు ఏ గ్రంథంలోనూ కనబడలేదు. ఆ అరలో తెలిసింది.

ఆడవాళ్ళు కూర్చోనక్కరలేని తిండి ఒకటి ఉన్నది. అది చాట్‌. కోఠీలో బ్రిటిష్‌ రెసిడెన్సీ భవనంలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరున ఉన్న మహిళా విశ్వవిద్యాలయం. ఆ చుట్టుపక్కల నిలబడి పానీపూరీ, కచోరీ తినే ఆడపిల్లల గుంపులను ఎప్పుడైనా చూడవచ్చు. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడి గోకుల్‌ చాట్‌ దగ్గరా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలాయి. రెండుచోట్లా కలిసి నలభైమందికి పైగా చనిపోయారు. తరువాత ఆ దుకాణం మళ్ళీ తెరిచారు. జనం మళ్ళీ వచ్చారు. నేను అక్కడ మొదటిసారి తిన్నది ఆ తరువాతి సంవత్సరాల్లోనే. నా పక్కన ఇద్దరు బురఖా వేసుకున్న అమ్మాయిలు, ఒక పెద్దామె, ఆమె మనవడు. చేతిలో ప్లేటు పట్టుకుని ఒకరికొకరు జరిగి చోటు ఇచ్చుకుంటున్నారు. ఇష్టమైన చోటుకు తిరిగి పోవటంలో పాతరోజుల మీద మమకారం మాత్రమే లేదని నాకు అక్కడ అర్థమయింది. భయపెట్టి ఖాళీ చేయించదలచిన చోటుకు మళ్ళీ పోయి మామూలుగా తినటం కూడా ఒక సమాధానమే. ఆ సమాధానం చెప్పినవాళ్ళలో ఎవరూ తాము ఏదో చెబుతున్నామని అనుకోలేదు. వాళ్ళకు ఆకలైంది, అంతే.

కాని నిలబడి తినటం వేరు, కూర్చుని తాగటం వేరు. చాట్‌ తిన్నవాళ్ళు పది నిమిషాల్లో కదలాలి. టీ ముందు కూర్చున్నవాడు గంట కూర్చోవచ్చు. ఆ గంటలో అతను పత్రిక చదువుతాడు, వాదిస్తాడు, ఊరికే రోడ్డు చూస్తాడు. మన సాహిత్యం అంత గొప్పగా చెప్పుకునే హోటలు స్మృతులన్నీ ఆ గంటలో పుట్టినవి. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన కార్మికులు పనిగంటలు తగ్గటమే కోరలేదు. మిగిలిన గంటలు తమవి కావాలని కోరారు. ఆ మిగిలిన గంటలు ఆడమనిషికి ఇంటిపనిలో పోతాయి. కనుక హోటల్లో ఊరికే కూర్చున్న ఆడది లోకానికి ఇప్పటికీ వింతగా కనిపిస్తుంది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో, పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్‌ దాకా, చార్జీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి ఏర్పాటు వచ్చింది. దీని ఆర్థిక ఫలితాల గురించి చర్చ జరగవలసిందే. బస్సులు పెంచకుండా జనాన్ని పెంచితే ఏమవుతుందో రోజూ నిలబడి ప్రయాణం చేసే నాకు బాగా తెలుసు. కాని ఆ చర్చలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక వెక్కిరింపు. “ఆడవాళ్ళు పనీపాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు” అన్నారు. చదువుకున్నవాళ్ళు అన్నారు, మా స్టాఫ్‌ రూములోనూ అన్నారు. నేను వాళ్ళను ఒకటే అడిగాను: మంచనశర్మకు ఓరుగల్లులో ఏమి పని ఉన్నది? ఆరు శతాబ్దాలుగా అతను పని లేకుండా తిరిగినందుకే మనం అతన్ని పాఠ్యపుస్తకంలో పెట్టుకున్నాం. నగరాన్ని పనిలేకుండా చూడటం మగవాడు చేస్తే కావ్యం, ఆడది చేస్తే ప్రభుత్వానికి నష్టమా?

మా అమ్మ పల్లెటూరి బడిలో మధ్యాహ్నభోజనం వండుతుంది. బడిపిల్లలకు వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో మళ్ళీ చెప్పింది. అమ్మ చేరిన కొత్తలో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు తమ పిల్లలకు ఇంటినుంచి డబ్బా కట్టి పంపారు. ఏడాది తిరగకముందే ఆ పిల్లలే డబ్బాలు మానేసి పప్పు మళ్ళీ అడిగి వేయించుకున్నారు. అమ్మ దీన్ని విజయమని చెప్పుకోదు. “పప్పు మంచిగ ఉడికితె పిల్లలు తింటరు” అంటుంది. రోజూ ఎనభై మందికి వండే ఆ మనిషి అప్పటిదాకా ఏ హోటల్లోనూ కూర్చుని టీ తాగలేదు.

చార్జీ లేకుండా బస్సు వచ్చాక ఒక సెలవురోజున ఆమె నాతో హైదరాబాదు వచ్చింది. పని ఏమీ లేదు. చార్మినారు చూసింది. అది 1591 నాటిదని చెబితే, “గప్పటి సున్నం గట్టిది” అన్నది. తరువాత ఒక ఇరానీ హోటల్లో ముందు హాల్లోనే కూర్చున్నాము. ఇప్పుడు ఎవరూ ఫ్యామిలీ రూము చూపించటం లేదు, ఆ మార్పు వచ్చింది. టీ వచ్చింది. అమ్మ కప్పును ముట్టుకోకుండా చుట్టూ బల్లల మీది కప్పులన్నీ చూసింది. అన్నీ ఒకే తీరువి. నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది:

“గీ కప్పుల అందరు తాగుతరా, బిడ్డా?”

“అందరు తాగుతరమ్మా.”

కొంచెంసేపు ఆలోచించింది. “మంచిగ కడుగుతరా మరి?”

మొదటి ప్రశ్న మా తాత గ్లాసు అడిగింది. రెండో ప్రశ్న ఎనభై మందికి వండే వంటమనిషి అడిగింది. ఆ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరాన్ని దాటటానికి ఆమెకు ఒక నిమిషం కూడా పట్టలేదు. తరువాత ఆమె టీ తాగింది. పాలు ఎంతసేపు కాగపెడతారో సర్వరును అడిగి తెలుసుకున్నది. అతను ఒడిశా నుంచి వచ్చినవాడు. తన వచ్చీరాని తెలుగులో ఒక వంటమనిషికి మరో వంటమనిషి చెప్పినట్టు శ్రద్ధగా చెప్పాడు. ఇరానీ హోటలు అంటే ఇరానీ యజమాని అని రాసేవాళ్ళు, నేడు అక్కడ టీ మోసే ఒడిశా, బిహారు కుర్రవాళ్ళను కూడా తమ స్మృతుల్లో చేర్చుకుంటే బాగుంటుంది.

బల్ల మీద నీళ్ళ గ్లాసు మాత్రం ఆమె ముట్టలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మాకిద్దరికీ తెలుసు. నల్లగొండకు వంద కిలోమీటర్లు. ఇంటికి చేరేసరికి మూడు గంటలు. మొదట్లో నేను చెప్పకుండా ఆపిన నాలుగో విషయం ఇదే. నగరంలో ఆడమనిషికి మరుగుదొడ్డి లేదు. ఉన్నచోట తాళం ఉంటుంది, తాళం లేనిచోట నీళ్ళు ఉండవు, నీళ్ళున్నచోట గడియ ఉండదు. అందుచేత ఆడవాళ్ళు ప్రయాణం ముందు నీళ్ళు తాగటం మానుకుంటారు. నా విద్యార్థినుల్లో సగంమంది కాలేజీకి వచ్చేరోజు పొద్దున టీ తాగరు. దానివల్ల వచ్చే జబ్బులేమిటో ఏ డాక్టరునడిగినా చెబుతారు. తిండి గురించి, రుచి గురించి, నగరం గురించి మనం ఎన్ని పుటలు రాసుకున్నాం! దాహమైనా నీళ్ళు తాగకుండా నగరమంతా తిరిగి వచ్చే లక్షలమంది ఆడవాళ్ళ గురించి ఒక్క పుట లేదు. ఈ మాట సాహిత్యపత్రికలో రాయటం కొందరికి మోటుగా తోచవచ్చు. మూత్రం మోటు కాదు. దాన్ని బిగపట్టించే వ్యవస్థ మోటుది.

ఈ నాలుగో అవసరం తీర్చే చోట్లు నగరంలో లేకపోలేదు. కొత్తగా వచ్చిన పెద్ద కాఫీ దుకాణాలకు పోతే చల్లని గాలి, మెత్తని కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటాయి. ఆడమనిషి ఒంటరిగా మూడు గంటలు కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. ఇది చిన్న విషయం కాదు, నా విద్యార్థినులు అక్కడ కూర్చుని చదువుకుంటామని చెబితే నేను సంతోషిస్తాను. కాని అక్కడ ఒక కాఫీ ధరకు మా అమ్మకు వచ్చే ఒకరోజు గౌరవవేతనం చాలదు. పాత హోటలు పేదవాణ్ణి రానిచ్చి ఆడదాన్ని అరలో కూర్చోబెట్టింది. కొత్త దుకాణం ఆడదాన్ని కూర్చోబెట్టి పేదదాన్ని రోడ్డు మీద ఉంచింది. పాతది మంచిదా, కొత్తది మంచిదా అన్న వాదం నాకు అందుకే రుచించదు. పేదది, ఆడది, రెండూ అయిన మనిషి కూర్చునే చోటు ఈ రెంటిలోనూ లేదు. ఆమె లెక్కలోకి వస్తే తప్ప మన విచారం పూర్తి కాదు.

పాత హోటళ్ళు పోవటానికి కారణం మనుషుల్లో తీరిక తగ్గటమని రాస్తున్నారు. అది పైకి కనబడే కారణం. నాలుగురోడ్ల కూడలిలో వందమంది గంటలకొద్దీ కూర్చుని టీ తాగే చోటు కన్న, అదే స్థలంలో అంతస్తులు లేపి నగల దుకాణానికి అద్దెకిస్తే వచ్చే డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటి లెక్క ముందు ఏ యజమాని మంచితనమూ ఎక్కువకాలం నిలబడదు. కూర్చునే చోటును ఒక వ్యాపారి దయమీద వదిలినంతకాలం, స్థలం ధర పెరిగిన రోజున ఆ చోటు పోతుంది. గ్రంథాలయాన్ని మనం అలా వదలలేదు. ప్రజలు చందాలు వేసుకున్నారు, తరువాత పన్ను కట్టారు, అందుకే భాషానిలయం నూరేళ్ళు దాటి నిలబడింది. నీడ, బెంచీ, తాగునీరు, మరుగుదొడ్డి కూడా గ్రంథాలయం వంటివే. వాటిని అడగవలసింది హోటలు యజమానిని కాదు, నగరపాలక సంస్థను.

విమర్శకులుగా మనం చెయ్యగలిగిన పని మరొకటి ఉన్నది. ఇకమీద ఎవరైనా నగరం గురించి, అక్కడి తిండి గురించి, మళ్ళీ మళ్ళీ పోయే చోట్ల గురించి రాసినప్పుడు, వర్ణన ఎంత రుచిగా ఉన్నదో చూడటంతో ఆగకూడదు. ఆ బల్ల దగ్గర ఇంకెవరు కూర్చోగలిగేవారు, ఎవరు కూర్చోలేకపోయారు, టీ ఎవరు మోశారు, కప్పు ఎవరు కడిగారు అని అడగాలి. ఈ ప్రశ్నలు వేస్తే రచన రుచి చెడదు. మఖ్దూం కూర్చున్న బల్ల మనకు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆయన పోరాడింది ఆ బల్ల దగ్గరికి ఇంకా రానివాళ్ళ కోసమే.

పని ఉన్నవాళ్ళు ఏ నగరానికైనా వస్తారు. అందులో ఆ నగరం గొప్పతనం లేదు. ఏ పనీ లేని ఒక పేద ఆడమనిషి, ఒంటరిగా వచ్చి, దాహమైతే నీళ్ళు తాగి, అందరి కప్పులోనే టీ తాగి, కాసేపు రోడ్డు చూసి, మరో నెల మళ్ళీ రావాలనుకుని పోగలిగితే, అప్పుడు అది నగరం. అప్పటిదాకా అది కొందరి ఊరు.